బాలాపూర్ మన పొరుగే

(మా కాలనీ గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, జాగా ఉంది. బాబూ, ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తావా, గాలికి మైకులో హోరు వస్తోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

బాలాపూర్ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? చెప్పండి, పరవాలేదు. అదిగో, పిల్లలు చెప్పేశారు. లడ్డూ! 1994లో 450 రూపాయలతో మొదలైన వేలం, 2025లో 35 లక్షలకు పోయింది. నిమజ్జనం రోజు పొద్దున్నే టీవీ వాళ్లందరూ అక్కడే ఉంటారు. లడ్డూ పాడుకున్నవాళ్లు దాన్ని తెచ్చి పొలంలో చల్లుకుంటారు, చుట్టాలకు పంచుతారు. వేలం డబ్బు ఊరి బాగుకు ఖర్చు పెడతారు. మంచి ఆనవాయితీ.

అదే బాలాపూర్ చుట్టుపక్కల, షాహీన్‌నగర్ దాకా, ఖాళీ ప్లాట్లలో గుడిసెల బస్తీలు ఉన్నాయి. వెదురు కర్రలు, టార్పాలిన్లు, పైన పాత ఫ్లెక్సీ బ్యానర్లు. వాన పడితే ఫ్లెక్సీ మీద ఎవరో నాయకుడి మొహం మీంచి నీళ్లు కారుతుంటాయి. ఆ జాగా ఊరికే ఇచ్చింది కాదు, నెలనెలా అద్దె కడతారు. అందులో ఉండేవాళ్లు రోహింగ్యాలు. బర్మా నుంచి, అంటే ఇప్పటి మయన్మార్ నుంచి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లు. మన హైదరాబాద్ నగరంలో కొన్ని వేల మంది ఉన్నారు. దేశం మొత్తం మీద ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ దగ్గర పేరు నమోదైనవాళ్లు 20 వేల పైచిలుకు.

ఈ రోజు నేను మాట్లాడేది వాళ్ల గురించే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వాళ్ల తరఫున మనం ఏం చెయ్యగలం అన్నదాని గురించి. మనం అంటే ఎవరు? మంత్రులు కాదు, ఎమ్మెల్యేలు కాదు. ఈ కాలనీలో ఉండేవాళ్లం. పింఛను తీసుకునేవాళ్లం, ఉద్యోగాలు చేసుకునేవాళ్లం, పిల్లల్ని ట్యూషన్‌కు దింపి వచ్చేవాళ్లం.

ముందు వాళ్లు ఎందుకు వచ్చారో తెలియాలి. అది తెలియకుండా సాయం చెయ్యడానికి వెళ్తే, వాళ్లను చూసి జాలిపడి ఇంటికొస్తాం, అంతే.

బర్మాలో పశ్చిమాన, సముద్రం పక్కన, అరకాన్ అని ప్రాంతం ఉంది. ఇప్పుడు రఖైన్ అంటున్నారు. రోహింగ్యాలది ఆ నేల. 1982లో అక్కడి సైనిక ప్రభుత్వం కొత్త పౌరసత్వ చట్టం తెచ్చింది. దేశంలో ఫలానా జాతులు మనవి అని 135 పేర్ల జాబితా పెట్టుకుంది. అందులో రోహింగ్యాలు లేరు. ఆలోచించండి, పుట్టిన ఊళ్లో, తాత ముత్తాతలు పుట్టిన ఊళ్లో ఉంటూనే పరాయివాళ్లయిపోయారు. పక్క ఊరికి పోవాలన్నా, పెళ్లి చేసుకోవాలన్నా అధికారుల అనుమతి కావాలి. 1978లో ఒకసారి, 1991, 92లో ఒకసారి లక్షల మంది బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2012లో పెద్ద గొడవలు జరిగాయి, ఊళ్లు తగలబడ్డాయి. హైదరాబాద్ వచ్చినవాళ్లలో చాలామంది ఆ తర్వాత వచ్చినవాళ్లే. ఇక 2017 ఆగస్టు 25న మొదలైన సైనిక దాడి మీకు తెలిసే ఉంటుంది. కొద్ది నెలల్లో 7 లక్షల మందికి పైగా నది దాటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ చేరారు. 2019లో గాంబియా అనే చిన్న దేశం బర్మా మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో జాతి నిర్మూలన కేసు వేసింది. మిగిలిన రోహింగ్యాలను కాపాడాలని 2020 జనవరిలో ఆ కోర్టు బర్మాను ఆదేశించింది కూడా.

ఇదంతా ఎక్కడో జరిగింది, మనకేం సంబంధం అంటారా? సంబంధం ఉంది. బర్మాతో తెలుగువాళ్లకు ఉన్న సంబంధం చిన్నది కాదు. ఇక్కడ ఉత్తరాంధ్ర వాళ్లు, గోదావరి జిల్లాల వాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఆ, ఉన్నారు. మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి, రంగం వెళ్లినవాళ్ల కథ ఒకటైనా ఉంటుంది.

రంగూన్‌ను మనవాళ్లు రంగం అనేవాళ్లు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువా రేవుల నుంచి స్టీమర్లు ఎక్కి వెళ్లేవాళ్లు. వరి మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో, ఓడరేవులో మూటలు మోసే పని. రిక్షా లాగడం. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. అందులో రేవు కూలీలంటే ఎక్కువగా తెలుగువాళ్లు.

1930 మే నెలలో ఏం జరిగిందో చెప్తాను. రేవులో తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె చేశారు. కంపెనీల వాళ్లు బర్మా కూలీలను పనిలోకి దించారు. సమ్మె పరిష్కారం అయింది, తెలుగువాళ్లు మళ్లీ పనిలోకి వచ్చారు, బర్మా కూలీలను పొమ్మన్నారు. మే 26న గొడవ మొదలైంది. తర్వాత నగరమంతా పాకింది. తెలుగు కూలీలు ఉండే బారకాసుల మీద పడ్డారు. వంద మందికి పైగా చచ్చిపోయారు, వందల మంది గాయపడ్డారు. అనధికారికంగా ఇంకా ఎక్కువ అంటారు. తప్పెవరిది? కూలి పెంచమన్న తెలుగువాడిదా? పని దొరికిందని సంతోషపడి పొద్దున్నే వచ్చిన బర్మావాడిదా? ఇద్దరినీ అలా ఎదురెదురుగా నిలబెట్టినవాళ్లు మాత్రం ఇళ్లలో ఉన్నారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఇంకాసేపట్లో దీని అవసరం వస్తుంది.

1942లో జపాన్ వాళ్లు బర్మా మీద పడ్డారు. ఓడల్లో చోటు లేదు. లక్షల మంది భారతీయులు నడిచి బయల్దేరారు. కొందరు సరిహద్దులోని తాము అనే ఊరి మీదుగా మణిపూర్‌కి. ఇంకొందరు కొండలు దాటి అరకాన్‌లోకి, అక్కడి నుంచి చిట్టగాంగ్‌కి. దారిలో మలేరియా, కలరా, ఆకలి. వేలకు వేలు దారిలోనే పోయారు. అరకాన్ అన్నాను, గమనించారా? ఈ రోజు బాలాపూర్‌లో ఉన్నవాళ్ల తాతల ఊళ్లు ఆ అరకాన్‌లోనివే. ఆ నేల మీదుగా మనవాళ్లు నడిచారు.

తర్వాత 1962లో జనరల్ నెవిన్ అధికారంలోకి వచ్చాడు. దుకాణాలు జాతీయం చేశాడు. 1964 మేలో 50, 100 చాట్ల నోట్లు రద్దు చేశాడు, చాట్ అంటే అక్కడి డబ్బు. రెండు మూడేళ్లలో దాదాపు మూడు లక్షల మంది భారతీయులు వెనక్కి వచ్చారు. ఒంటి మీద బంగారం కూడా పూర్తిగా తెచ్చుకోనివ్వలేదు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఉంది కదా, వాళ్లదే. ఆంధ్రాలో చాలా పట్నాల్లో బర్మా కాలనీలున్నాయి. వాళ్లను మనం కాందిశీకులు అన్నాం. స్థలాలిచ్చాం, అప్పులిచ్చాం. ఉద్యోగాల నోటిఫికేషన్లు చదివినవాళ్లకు గుర్తుంటుంది. వయసు సడలింపు దగ్గర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉండేది, బర్మా నుంచి 1963 జూన్ 1న గానీ ఆ తర్వాత గానీ తిరిగి వచ్చినవారికి ఇన్నేళ్లు సడలింపు అని. మనలో చాలామంది ఆ వాక్యం మీంచి చూపు దాటేసి ఉంటారు. ఆ వాక్యం వెనక ఎంత మంది ఉన్నారో చూడండి.

మీరు అడగొచ్చు, వాళ్లు మన రక్తం, మన భాష, వీళ్లు వేరు కదా అని. సరే. కాగజ్‌నగర్ వెళ్లండి. ఇస్‌గాంలో బెంగాలీ కుటుంబాలున్నాయి, తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు. తెలుగు వాళ్ల భాష కాదు. ప్రభుత్వం భూములిచ్చి నిలబెట్టింది, ఈ రోజు ఆ మండలం బజారులో సగం కూరగాయలు వాళ్లు పండించినవే అన్నట్టు ఉంటుంది. అంత దూరం ఎందుకు, బాలాపూర్ పక్కనే బార్కస్. అక్కడి అరబ్బు కుటుంబాల పెద్దలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం దగ్గర సిపాయిలుగా చేరినవాళ్లు. జామపళ్లకు పేరు ఆ ఊరు. మన నగరంలోనే ఏసీ గార్డ్స్ అనే పేటలో సిద్దీలున్నారు, వాళ్ల పెద్దలు ఆఫ్రికా నుంచి వచ్చారు. ఈ నగరానికి బయటినుంచి మనుషులు రావడం కొత్త కాదు.

ఇప్పుడు చట్టం సంగతి. ఇక్కడ నేను ఉన్నదున్నట్టు చెప్పాలి, ఎందుకంటే మంచి మనసుతో తప్పుడు మాట చెప్తే నష్టపోయేది వాళ్లు.

1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చెయ్యలేదు. శరణార్థుల కోసం మనకు ప్రత్యేక చట్టం లేదు. వాళ్ల చేతిలో ఉండే ఐక్యరాజ్యసమితి కార్డు, మన ప్రభుత్వం ఇచ్చింది కాదు. 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు జమ్మూలో నిర్బంధంలో ఉన్న రోహింగ్యాల కేసులో, వాళ్లను విడుదల చెయ్యమని చెప్పలేదు. పద్ధతి ప్రకారం తప్ప పంపకూడదు అని మాత్రం చెప్పింది. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది, పాత నాలుగు చట్టాలను కలిపి చేసింది. దాని ప్రకారం విద్యాసంస్థలు, ఆసుపత్రులు విదేశీయుల వివరాలు అధికారులకు తెలపాలి. కాబట్టి వాళ్ల భయం ఊరికే వచ్చిన భయం కాదు. నేనేదో ధైర్యం చెప్తే పోయే భయం కాదు.

అయితే అంతటితో అయిపోయిందా? కాలేదు. రాజ్యాంగం తీసి 14, 21 అధికరణాలు చదవండి. సమానత్వం, ప్రాణం, స్వేచ్ఛ. అక్కడ పౌరుడు అని లేదు, వ్యక్తి అని ఉంది. 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లో చక్మాలను, అంటే తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులను, వెళ్లిపొమ్మని గడువు పెట్టి బెదిరిస్తుంటే, జాతీయ మానవ హక్కుల కమిషన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్ని కాపాడే బాధ్యత రాజ్యానిదేనని కోర్టు తేల్చి చెప్పింది. ఇక 21ఏ, విద్యాహక్కు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ అని ఉంది. అందరికీ. అందులో ఏ దేశం పిల్లలని లేదు.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను. బడి.

ముప్పై ఏళ్ల పైన ప్రభుత్వ బడుల్లో పనిచేశాను, చివరి కొన్నేళ్లు హెడ్మిస్ట్రెస్‌గా. అంటే అడ్మిషన్ బల్లకు అవతలి వైపు కూర్చున్నదాన్ని. ఇప్పుడు ఇవతలి వైపు, ఆ తల్లుల పక్కన నిలబడుతున్నాను. కాబట్టి రెండు వైపులా తెలుసు.

ఒక తల్లి వచ్చిందనుకోండి. చేతిలో ప్లాస్టిక్ కవరు. ఆ కవరును వాళ్లు ఎంత జాగ్రత్తగా దాచుకుంటారో మీరు చూడాలి. మనం ఇంటి పత్రాలు దాచుకున్నట్టు. మూడు మడతలు, పైన రబ్బరు బ్యాండు. విప్పితే లోపల కార్డు. పిల్ల పేరు, ఫోటో, పుట్టిన తేదీ. పుట్టిన తేదీ చూడండి, జనవరి 1. అక్కది కూడా జనవరి 1. తమ్ముడిది జనవరి 1. ఇదేమిటి, అందరూ కొత్త సంవత్సరం రోజునే పుట్టారా? లేదమ్మా. ఊరు తగలబడి పారిపోయేటప్పుడు ఎవరి దగ్గరా కాగితం లేదు. తల్లికి గుర్తున్నది వానాకాలంలో పుట్టిందనో, వరికోతలప్పుడు పుట్టిందనో. కార్డు రాసేవాళ్లు ఏడాది అంచనా వేసి జనవరి 1 అని వేస్తారు. ఇది తెలియని గుమాస్తా ఏమనుకుంటాడు? దొంగ కాగితాలు అనుకుంటాడు. మీరు పక్కన ఉండి ఈ ఒక్క ముక్క నెమ్మదిగా చెప్తే, అతని మొహంలో అనుమానం తగ్గడం మీ కళ్లతో చూస్తారు.

తర్వాత దరఖాస్తులో ఇంటిపేరు గడి. వాళ్లకు ఇంటిపేర్లు ఉండవు. తండ్రి పేరుకూ పిల్ల పేరుకూ పోలిక ఉండదు. పిల్ల పేరు చివర బేగం అనో, ఖాతూన్ అనో, ఆరా అనో ఉంటుంది. కార్డులో ఒక స్పెల్లింగు, ఆసుపత్రి చీటీలో ఇంకో స్పెల్లింగు. ఆ గడిలో ఏం రాయాలో తెలియక తల్లి బిక్కమొహం వేసుకుని నిలబడుతుంది. ఏమీ రాయకండి, గీత గీయండి. కార్డులో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే పేరు రాయించండి. ఇవాళ అలవోకగా మార్చిన ఒక్క అక్షరం రేపు పదో తరగతి పరీక్షకు పేర్లు పంపే నామినల్ రోల్ దగ్గర ఆ పిల్లను నిలబెట్టేస్తుంది.

ఆ తర్వాత అసలు ప్రశ్న వస్తుంది. ఆధార్ ఏదమ్మా?

హెడ్మాస్టరుది కూడా అర్థం చేసుకోండి. ఆయన పిల్ల వివరాలు యుడైస్ పోర్టల్‌లో, అంటే ప్రభుత్వం బడుల లెక్కలు ఉంచే వెబ్‌సైట్‌లో, ఎక్కించాలి. ఆధార్ గడి ఖాళీగా ఉంటే పైనుంచి ఫోన్ వస్తుందేమోనని టెన్షన్. ఆయన చెడ్డవాడు కాదు, ఆయనకు తోడు లేదు. ఆయనకు మీరు చట్టం చెప్పి తోడు నిలబడాలి. మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఆధార్ లేదని బడిలో చేర్చుకోవడం మానకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 తీర్పులో ఉంది. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోవడం మానకూడదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. చదువు మధ్యలో ఆగిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్‌లో ఉంది. ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల విషయంలో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? ముందు బడికి వెళ్లి అడగండి, కాదంటే హైకోర్టుకు వెళ్లండి అని. అంటే అడగడం ముఖ్యం. కాగితం మీద అడగడం ముఖ్యం.

ఎలా అడగాలి? గొంతు పెంచకండి. దరఖాస్తు రెండు కాపీలు పట్టుకెళ్లండి. ఒకటి ఇవ్వండి, రెండో దాని మీద ముట్టినట్టు సంతకం, ముద్ర, తేదీ అడగండి. కుదరదు అంటే, సరే సార్, ఆ మాటే దీని మీద రాసివ్వండి అనండి. చాలాసార్లు అక్కడికి పని అయిపోతుంది, ఎందుకంటే కాదని రాసివ్వడానికి ఎవరికీ చెయ్యి రాదు. అప్పటికీ కాకపోతే ఎంఈవో, తర్వాత డీఈవో, ఆ పైన బాలల హక్కుల పరిరక్షణ కమిషన్. మెట్టు మెట్టుగా.

అదే తల్లి ఒక్కతే వెళ్తే ఏమవుతుంది? రేపు రా అంటారు. రేపు వెళ్తే సార్ మీటింగ్‌లో ఉన్నారంటారు. ఆమె భర్త రోజుకూలీ. చిత్తుకాగితాలు, ప్లాస్టిక్ ఏరే పనో, మేస్త్రీ దగ్గర పనో. పని మానుకుని ఎన్నిసార్లు తిరగగలరు? మూడోసారికి ఆ పిల్ల బడి మాట ఎత్తడం మానేస్తారు. ఆడపిల్లయితే ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకుని కూర్చుంటుంది. పద్నాలుగు, పదిహేనేళ్లకు పెళ్లి చేసేస్తారు. నేను ఎక్కువ చేసి చెప్పడం లేదు, బస్తీలో ఏ ఆడమనిషిని అడిగినా ఇదే చెప్తుంది. బడిలో ఉన్నంతకాలమే ఆ పెళ్లి ఆగుతుంది.

పుట్టిన సర్టిఫికెట్ గురించి కూడా చెప్పాలి. మన దేశంలో జరిగిన ప్రతి పుట్టుకా నమోదు కావాలని 1969 చట్టం. ఆసుపత్రిలో కాన్పు అయితే తెలియజేసే బాధ్యత ఆసుపత్రిదే. 21 రోజుల్లోపు. తల్లిదండ్రుల ఆధార్ నంబరు, ఉంటే ఇవ్వాలి అనే చట్టంలో ఉంది. లేదని నమోదు మానకూడదు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోవాలి, ఆ తిప్పలు వాళ్లు పడలేరు. 2023 అక్టోబరు నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలుకొని చాలా వాటికి ఈ సర్టిఫికెట్టే ఆధారం. ఒకటి స్పష్టంగా చెప్తున్నాను, ఇది ఉంటే పౌరసత్వం వచ్చినట్టు కాదు. 2004 డిసెంబరు 3 తర్వాత పుట్టినవాళ్లకు అమ్మానాన్నల్లో ఒకరు భారత పౌరులై, రెండోవాళ్లు అక్రమంగా వచ్చినవారు కాకపోతేనే పుట్టుకతో పౌరసత్వం. మరి ఎందుకీ కాగితం? ఈ బిడ్డ ఫలానా రోజున, ఫలానా చోట, ఫలానా తల్లికి పుట్టింది అని లోకంలో ఒక్క రుజువైనా ఉండాలి కదా. జనవరి 1 పిల్లల తర్వాతి తరమైనా తన అసలు పుట్టినరోజుతో పెరగాలి కదా.

ఇప్పుడు చెయ్యకూడనివి. ఇవి గట్టిగా చెప్తున్నాను, వెనకవాళ్లు కూడా వినండి.

ఎంత జాలేసినా ఆధార్ గానీ, ఓటరు కార్డు గానీ, రేషన్ కార్డు గానీ దొడ్డిదారిన ఇప్పించే పనికి పోకండి. ఫలానా మీసేవ దగ్గర మనవాడున్నాడు, రెండు వేలిస్తే పని అయిపోతుంది అని ఎవరో ఒకరు అంటారు. డబ్బు తీసుకున్న బ్రోకరు తప్పుకుంటాడు. ఆ కార్డు దొరికిన రోజున కేసు పడేది ఆ మనిషి మీద. ఐదుగురు పిల్లల తండ్రి జైల్లో, తల్లి రోడ్డు మీద. అంతవరకు కార్డు లేని మనిషి, ఆ రోజు నుంచి నేరస్తుడు. అలాంటి కుటుంబాలున్నాయి ఆ బస్తీల్లో. మీరు చేసే సాయం వాళ్ల మెడకు చుట్టుకోకూడదు.

రెండోది, ఫోటోలు. దుప్పట్లు పంచి, వాళ్ల పక్కన నిలబడి ఫోటో దిగి, లొకేషన్‌తో సహా స్టేటస్ పెడతారు. ఆ ఫోటో ఎక్కడికి పోతుందో మీకు తెలియదు. వాళ్లకు ఊళ్లో మిగిలిపోయిన అమ్మానాన్నలుంటారు, అక్కడ ఆ ఫోటో చూసేవాళ్లూ ఉంటారు. ఇక్కడ దాన్ని ఇంకో రకంగా వాడేవాళ్లుంటారు. ఫోన్ జేబులో పెట్టుకోండి.

ఇంకోటి. వాళ్ల గురించి నిర్ణయాలు వాళ్లను అడగకుండా చెయ్యకండి. ఆ బస్తీల్లో చదువుకున్న కుర్రాళ్లున్నారు. ఉర్దూ బ్రహ్మాండంగా మాట్లాడతారు, హైదరాబాదీ యాసతో సహా. చిన్నపిల్లలకు తెలుగు కూడా వచ్చేస్తోంది. వాళ్లకు ఏది ముందు కావాలో వాళ్లే చెప్తారు. మనం దుప్పట్లు అనుకుంటే వాళ్లు మరుగుదొడ్డికి తలుపు కావాలంటారు. తలుపే పెట్టించండి.

చీటీలు వచ్చాయి. చదువుతాను.

మన పేదవాళ్లకే దిక్కులేదు, వీళ్లకెందుకు అని ఒకరు రాశారు. కోపంతో రాయలేదు, నిజంగా అడిగారు. జవాబు చెప్తాను. వాళ్లకు రేషన్ కార్డు లేదు. ఆరోగ్యశ్రీ లేదు. పింఛను లేదు. ఇళ్ల స్థలం లేదు. మన పేదవాడికి రాని ఇల్లు వాళ్లకు పోలేదు. వాళ్లు పంచుకునేది బడిలో ఒక బెంచీ, ప్రభుత్వాసుపత్రిలో ఒక ఓపీ చీటీ. పిల్లలు తగ్గిపోయి బడులు మూసేస్తున్న రోజుల్లో బెంచీ ఖాళీగానే ఉంది. కూలి రేటు సంగతి అంటారా? అవును, అడ్డా మీద తక్కువ కూలికి వస్తారన్నది కొంత నిజమే. కాగితం లేనివాణ్ని తక్కువకు పెట్టుకుంటున్నది ఎవరు? రంగూన్ రేవు గుర్తుంచుకోమన్నాను ఇందుకే. ఇద్దరు కూలీలు కొట్టుకుంటే లాభం మూడోవాడికి. కనీస కూలి అందరికీ ఒకటే ఇప్పించమని మనం అడిగితే మన కూలీ కూడా బాగుపడతాడు.

రెండో చీటీ. వీళ్లలో నేరాలు చేసేవాళ్లున్నారు, దేశ భద్రత సంగతేమిటి అని. తప్పు చేసినవాడి మీద కేసు పెట్టాలి, విచారించాలి, శిక్షించాలి. మన కాలనీలో ఎవడైనా దొంగతనం చేస్తే కాలనీ మొత్తాన్ని ఖాళీ చెయ్యమంటామా? సరిహద్దు కాయడం ప్రభుత్వం పని, అది చెయ్యాలి. తొమ్మిదేళ్ల పిల్లకు ఎక్కాలు నేర్పడం వల్ల సరిహద్దుకు వచ్చే ముప్పేమిటో నాకు ఎవరూ ఇంతవరకు చెప్పలేదు. చదువు లేకుండా, పని లేకుండా, ఎవరితో మాట లేకుండా ఒక బస్తీని మూల పడేస్తే దానివల్ల ఎవరికీ భద్రత రాదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఈ హాల్లో పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు ఎంతమంది? చూడండి, సగం చేతులు లేచాయి. 2025లో మనం ఎంత టెన్షన్ పడ్డాం. విద్యార్థుల వీసాలు రద్దు చేశారు. సెప్టెంబరులో కొత్త హెచ్1బీకి లక్ష డాలర్లు అన్నారు. ఫిబ్రవరిలో సైనిక విమానంలో సంకెళ్లు వేసి మన దేశస్థుల్ని అమృత్‌సర్‌లో దింపారు. ఆ రాత్రి మన ఇళ్లలో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. 2017 ఫిబ్రవరి 22 గుర్తుందా? కన్సాస్ రాష్ట్రం ఒలేథ్‌లో మన హైదరాబాద్ కుర్రాడు కూచిభొట్ల శ్రీనివాస్‌ను, నా దేశం నుంచి పో అని అరిచి ఒకడు కాల్చి చంపాడు. పక్కనున్న స్నేహితుడు అలోక్ మాదసాని గాయపడ్డాడు. అప్పుడు అదే హోటల్లో కూర్చున్న 24 ఏళ్ల అమెరికన్ యువకుడు, ఇయాన్ గ్రిల్లట్, కాల్చినవాడి వెంటపడ్డాడు. బుల్లెట్ తగిలింది. బతికాడు. అతనికి శ్రీనివాస్ ఎవరు? చుట్టమా, స్నేహితుడా? ఎవరూ కాదు. హ్యూస్టన్‌లో మన భారతీయులు చందాలు పోగుచేసి అతను ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు ఇచ్చారు. బాగా చేశారు. అక్కడ మన పిల్లల తరఫున ఎవరైనా ఒక మాట మాట్లాడితే మన కడుపు నిండుతుంది కదా. బాలాపూర్‌లో కూడా తల్లులున్నారు. వాళ్లకూ అలాగే ఉంటుంది.

గ్రిల్లట్ లాగా బుల్లెట్‌కు ఎదురెళ్లమని మిమ్మల్ని అడగడం లేదు. వాట్సాప్ గ్రూపులో ఏదో వీడియో వస్తుంది, రోహింగ్యాలు పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు అని. మీ బావగారే పెడతారు, మీ వదినే పెడుతుంది. అక్కడ ఒక్క వాక్యం రాయండి. అన్నయ్యా, ఇది ఎక్కడిది, ఎప్పటిది, పోలీసులు ఏమన్నారు అని అడగండి. మన రాష్ట్రాల్లోనే 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లంటూ పుకార్లు లేచి, దారిన పోయేవాళ్లను కొట్టారు, ప్రాణాలు పోయాయి. ఆ వీడియోలూ ఇలాగే ఫార్వర్డ్ అయ్యాయి. పరాయివాళ్ల ముందు మాట్లాడటం తేలిక. మనవాళ్ల ముందు మాట్లాడటానికే గుండె కావాలి. పండగకు కలిసినప్పుడు, అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో, పనిమనిషి గురించి మాటలొచ్చినప్పుడు. వకాల్తా అంటే కోర్టులో ఇచ్చేదే అనుకోకండి, అక్కడ ఇచ్చేది కూడా వకాల్తానే.

లాయర్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఇద్దరున్నారు, సంతోషం. మీతో విడిగా మాట్లాడాలి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఉచిత న్యాయ సహాయం ఉంది. 12వ సెక్షన్ తీసి చూడండి, పౌరులకు మాత్రమే అని లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఎలా వెళ్లాలో ఆ తల్లులకు తెలియదు. మీకు తెలుసు.

డాక్టరు గారు కూడా వచ్చారు. ప్రమాదంలో వచ్చినవాడికి ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని 1989లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఆయనకు నేను చెప్పక్కర్లేదు. గర్భిణులను నెల నెలా చూపించడానికి ఎవరో ఒకరు తోడు కావాలి, అది అడుగుతున్నాను. డాక్టరుతో బిడ్డ కదలిక లేదని చెప్పడానికి భాష రాక ఊరుకున్న ఆడవాళ్లున్నారు.

జూన్‌లో బడులు తెరుస్తారు. ప్రొఫెసర్ జయశంకర్ బడిబాట అని టీచర్లు ఇంటింటికీ వచ్చి పిల్లల్ని చేర్చుకునే రోజులు. హెడ్మాస్టర్లు పిల్లలు కావాలని చూసే సమయం, మనకు అంతకంటే మంచి సమయం దొరకదు. దానికి ముందు ఏప్రిల్, మే నెలల్లో దరఖాస్తులు సిద్ధం చెయ్యాలి. ఇద్దరిద్దరుగా వెళ్దాం. జంటలో ఒకరికి ఉర్దూ వచ్చి ఉండాలి, ఒకరికి ఆఫీసు కాగితాల భాష వచ్చి ఉండాలి. ఒక్కో జంటకు ఒక్కటే కుటుంబం, ఎక్కువ వద్దు. ఆ పిల్ల చేరిన రోజుతో వదిలెయ్యకుండా, దసరా సెలవుల తర్వాత మళ్లీ బడికి వచ్చిందా లేదా చూసుకోవాలి. ఎక్కువమంది మానేసేది అప్పుడే.

బయట బల్ల మీద నోటుపుస్తకం పెట్టించాను. పేరు, ఫోన్ నంబరు, వారంలో ఏ రోజు పొద్దున ఖాళీగా ఉంటారో రాయండి. బడి ఆఫీసు పది నుంచి పన్నెండు వరకే పనికొస్తుంది, కాబట్టి సాయంత్రాలు ఖాళీ ఉన్నవాళ్లు ఆసుపత్రి పేజీలో రాయండి, అది వేరే పేజీ. టీ తాగేముందే రాసేయండి. నమస్కారం.